కుక్కగొడుగు మీద నా ఇంటిపేరు

మా ఇంట్లో నాకు మిగిలిన హోదా ఒక్కటే, దేన్ని చూపించినా పేరు చెప్పేయడం. చెట్టయినా, పిట్టయినా, పక్కింటికొచ్చిన చుట్టమైనా సరే. నిజమో కాదో ఎవరూ వెతికి చూడరు కాబట్టి బండి నడిచిపోతోంది. ఈసారి నర్సీపట్నంలో ముసురు పట్టి, పెరట్లో నా బైకు పక్కన కుక్కగొడుగులు లేచాయి.

మిగతావి మామూలుగానే ఉన్నాయి. తెల్లటి గొడుగు, పైన గోధుమరంగు పొలుసులు, కాడ చుట్టూ ఉంగరంలాంటి పొర. ఒక్కటే వింత. గొడుగు కింద ఉండాల్సిన మడతలు నెత్తికెక్కి, కోడిపుంజు జుట్టులా చీలికలుగా విచ్చుకున్నాయి.

"కొత్త జాతి!" అని ప్రకటించేశాను. మనసులో లాటిన్ తోక తగిలించి నా ఇంటిపేరు కూడా పెట్టేసుకున్నాను. కనిపెట్టినవాడు తన పేరు తానే పెట్టుకోవడం మర్యాద కాదని తర్వాత చదివాను. నిషేధమైతే లేదు కదా అని సర్దుకున్నాను.

"ముందు ఆ బైకు తీయండి, కడగాలి," అంది మా ఆవిడ.

"వెండి చెంచా వేసి ఉడకబెట్టరా, నల్లబడితే విషం," అంది అమ్మ. దొరికిందే అవకాశమని ఉపన్యాసం అందుకున్నాను. వెండి నల్లబడేది గంధకానికి. కాలేయాన్ని తినేసే అమాటాక్సిన్లు వెండి జోలికే పోవు, ఉడికించినా విరగవు. తిన్నాక మామూలుగా 6 నుంచి 12 గంటల దాకా వాంతి కూడా రానివ్వవు. అమ్మ అంతా ఓపిగ్గా విని, "అయితే తినకు," అంది. నా ఉపన్యాసంలో పనికొచ్చే ముక్క అదొక్కటే, అది కూడా నేను చెప్పలేదు.

వానలు పడ్డాక చింతపల్లి వైపు నుంచి ఏజెన్సీ ఆడవాళ్లు తెచ్చే పుట్టగొడుగుల సంగతి వేరు. నడినెత్తిన మొన, కింద పుట్టలోకి వేరులా దిగిన పొడవాటి కాడ. పుట్ట లోపల చెదపురుగులు సాగు చేసుకునే పంట అది. మనుషులు ఇంకా షెడ్డులో పండించి అమ్మే దాకా రాలేదు. ఆ ఆడవాళ్లలో ఎవరికి నా గొడుగు చూపించినా, తినేదో కాదో అక్కడే తేల్చేసేవారు. కానీ లాటిన్ పేరు పెట్టుకున్నవాడు గంప దగ్గరికెళ్లి అడుగుతాడా?

అందుకని రాత్రి మామూలు గొడుగు ఒకటి కాడ తుంచి, మడతలు కిందికి వచ్చేలా తెల్ల కాగితం మీద పెట్టి, పైన స్టీలు గిన్నె బోర్లించాను. కాగితమంటే, ఆ వేళకి చేతికి దొరికిన శుభలేఖ వెనకవైపు. మా ఆవిడ తరఫు వాళ్లదని పొద్దున తెలిసింది. గిన్నె తీస్తే దాని మీద లేత ఆకుపచ్చ పొడి, గీతలు గీతలుగా. ఆకుపచ్చ బీజాలు రాల్చే ఈ గొడుగు క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్. వేడి దేశాల్లో ఏ పచ్చికలోనైనా లేస్తుంది, తింటే కొద్ది గంటల్లోనే వాంతులూ విరేచనాలూ. మోలిబ్డైటిస్ అని 1818లోనే మేయర్ అనే జర్మన్ పేరు పెట్టేసి వెళ్లిపోయాడు. రెండొందల ఏళ్లు ఆలస్యమైంది నాకు.

మరి ఆ కోడిజుట్టు? షెడ్లలో పుట్టగొడుగులు పెంచేవాళ్లు దాన్ని రోజ్‌కోంబ్ అంటారు. అది జాతి కాదు, పురుగూ కాదు. కిరసనాయిలు, డీజిలు పొగ, ఇంజనాయిలు లాంటివి తగిలితే మడతలు దారితప్పి గొడుగు పైన మొలుస్తాయి. నాది షెడ్డు కాదు, పెరడు. లాబులో తేల్చిందీ లేదు. కాకపోతే అది లేచిన చోటే, బైకు ఇంజను కింద, అరచేతి వెడల్పున నల్లటి జిడ్డు మరక ఉంది. మా ఆవిడ పోయిన సంక్రాంతి నుంచీ చూపిస్తున్న మరకే.

మర్నాడు బైకు మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లబోతుంటే గేటు తీసి పట్టుకుంది.

"ఆయిలు కారుతోందని నేను చెప్తే వినలేదు. కుక్కగొడుగు చెప్తే విన్నారు."