250 మిల్లీమీటర్ల సూత్రం: కవిటి వ్యాఖ్య

మూలము: ఆరంభమునకు మున్ను యంత్రము 250 మిల్లీమీటర్ల ఘనమున నిముడవలెను. తీగలును లెక్కలోనివే. ఆరంభానంతరము పరిమాణమునకు మేర లేదు.

అవతారిక: వరల్డ్ రోబో ఒలింపియాడ్‌లో రోబోమిషన్ విభాగపు జట్లు పాటించే నియమానికి సారమిది. 2016లో ఆ ప్రపంచ పోటీలు ఢిల్లీ దాకా వచ్చాయి. కవిటి దాకా రాలేదు గానీ, వ్యాఖ్య రాయడానికి కొబ్బరితోట నీడ చాలు.

ప్రతిపదార్థము: ఆరంభమునకు మున్ను = మీట నొక్కకముందు; యంత్రము = పిల్లలు రోబో అనీ, అమ్మలు "ఆ సామాను" అనీ పిలిచేది; ఇముడవలెను = మూత ఒత్తకుండా పట్టవలెను; తీగలును = సెన్సారు వైర్లు సహితము. 'లెక్కలోనివే' అన్న ఏవకారం ఊరికే పడలేదు. ఒళ్లంతా లోపలుండి, వంపు తిరిగిన వైరొక్కటి నాలుగు మిల్లీమీటర్లు తొంగిచూసినా కొలత తప్పినట్టే.

శంక: "మాస్టారూ, దీని చెయ్యి 400 ఉంది. 250లో ఎలాగ పడతాది?"

సమాధానము: పడతాదిరా గుంటడా. ఘనంలో ఈ మూల కింది నుంచి ఎదుటి మూల పైకి 433 మిల్లీమీటర్లు. సన్నని కర్రయితే ఐమూలగా పడుకుంటుంది. అప్పుడు మోటార్లూ చక్రాలూ ఎక్కడ పెడతావన్నది సూత్రకారుడికి పట్టదు, నీకు పట్టాలి. మడత చెయ్యే మేలని మా పక్షం.

పూర్వపక్షము: 250 అన్నారు గనుక సరిగ్గా అంతే కట్టవలెనని కొందరు. అది చెల్లదు. పలాస జీడిపప్పులో 240 రకమంటే పౌనుకు 240 గుడ్లు మించరాదనే. 230 తూగితే బేరగాడికి సంతోషమే. పైగా యంత్రానికి స్క్రూ తలలు ఉబ్బుతాయి, చక్రాలు ఒరుగుతాయి. 244 దగ్గర ఆగు.

మతాంతరము: ఫస్ట్ టెక్ ఛాలెంజ్ అనే ఇంకో రోబో పోటీ వారిది 18 అంగుళాల ఘనం. ముందే పట్టించిన ఆటవస్తువు మాత్రం ఘనం దాటవచ్చునని వారి ఔదార్యం. అయితే 2024-25 'ఇంటు ద డీప్' ఆటలో, మొదలయ్యాక కూడా నేలమీద 20 × 42 అంగుళాల దీర్ఘచతురస్రం దాటరాదన్నారు. కనుక ఒక మతపు మూలానికి ఇంకో మతపు టీక తగిలించరాదు.

శంక: "చెయ్యి మడిస్తే విప్పుకుపోతంది. కొలిచేదాకా వేలితో అదిమి పట్టుకోనా?"

సమాధానము: 18 అంగుళాల మతంలో యంత్రం తనంత తానే ముడుచుకుని నిలవాలి. మన మూలం వేలి ఊసెత్తలేదంటావేమో. ఎత్తితే దాన్నీ 250లో కలిపి కొలవాల్సి వస్తుంది. వర్మ్ గేరు పెట్టు. మోటారు తిరిగితే తప్ప అది చెయ్యి వదలదు.