గ్యారేజీలో గురువారం

డాలస్ ఉత్తరాన ఫ్రిస్కోలోనో ప్రాస్పర్‌లోనో గురువారం రాత్రి ఎనిమిదింటికి చెత్తడబ్బా బయట పెట్టొస్తానని వెళ్లిన మగమనిషి ముప్పావుగంటైనా లోపలికి రాకపోతే కంగారుపడక్కర్లేదు. గ్యారేజీలో టెస్లాలో కూర్చుని ఉంటాడు. తలుపులు మూసుకుని ఏసీ వేసుకున్నా పొగరాని బండి. అది కొన్నందుకు అసలు లాభం మనవాడికి ఈ మధ్యే తెలిసింది. ఫోను స్టీరింగుకి ఆనించి, ఇయర్‌బడ్స్ పెట్టుకుని, ఆస్టిన్‌లో ఉన్న ఒక అమెరికా ఆవిడతో తన మనసు గురించి మాట్లాడుతుంటాడు. తన మనసు గురించే అని ఆవిడ ఆశ.

సంగతి తెలిసింది భార్య ఒక్కదానికే. పంపిందీ ఆవిడే. ఆర్నెల్లకని వచ్చిన అమ్మానాన్నలకి మాత్రం ‘ఆఫ్‌షోర్ వాళ్లతో కాల్’ అని చెప్పాడు. అప్పుడు హైదరాబాదులో పొద్దున్న ఆరున్నర. “పాపం, కాఫీ అయినా తాగనిస్తారో లేదో వాళ్లని” అని తల్లి జాలిపడుతుంది.

తెలుగు థెరపిస్టు దొరక్క కాదు. తెలుగావిడైతే ముందు ఊరు అడుగుతుంది, ఊరు చెబితే ఇంటిపేరు అడుగుతుంది, ఇంటిపేరు చెప్పాక ఇక రహస్యమేముంది? సైకియాట్రిస్టూ వద్దనుకున్నాడు. మందు రాస్తే ఫార్మసీ కౌంటరులో ఉండేది ఏ తెలుగమ్మాయో. అలా వెతగ్గా వెతగ్గా ఈ లైసెన్స్‌డ్ క్లినికల్ సోషల్ వర్కర్ తేలింది. సోషల్ వర్కరనగానే లయన్స్ క్లబ్బూ దుప్పట్ల పంపిణీ గుర్తొచ్చి కాస్త చప్పబడ్డాడు గానీ, వివరాలు చదివితే ఎం.ఎస్.డబ్ల్యూ. డిగ్రీ, ఆపైన టెక్సస్‌లో సీనియరు పర్యవేక్షణలో తక్కువలో తక్కువ రెండేళ్లపాటు 3,000 గంటల పని, ఒక పరీక్ష. అన్నీ అయితేనే ఆ లైసెన్సు. అమెరికాలో మనసు విప్పి మాట్లాడుకునేవాళ్లలో ఎంతోమంది మాట్లాడేది ఈ సోషల్ వర్కర్లతోనే. మూడు వేల గంటలూ నిజంగానే చేయాలట! తన మొదటి రెజ్యూమెలో కన్సల్టెన్సీ వాళ్లు చేర్చిన ఏడేళ్ల అనుభవం గుర్తొచ్చి మనవాడికి ఆవిడంటే గౌరవం కలిగింది.

ఇంటిలోను కాగితాలు చదవకుండా సంతకం పెట్టిన మనిషి ఆవిడ పంపిన అంగీకారపత్రం మాత్రం అక్షరం వదలకుండా చదివాడు. ఇన్సూరెన్సుకి వెళ్లే రోగనిర్ధారణ కోడు గ్రీన్‌కార్డు ఫైలు దాకా వెళ్తుందా అని రెండుసార్లు అడిగాడు. వెళ్లదని ఆవిడ రెండుసార్లూ చెప్పింది.

తర్వాత తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ. గత రెండు వారాల్లో దిగులుగా ఉన్నారా, నిద్ర పట్టిందా అంటూ ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం ఇరవై ఏడు. “ఆ రెండు వారాలూ రిలీజ్ ఉంది మేడమ్, మామూలు వారాల్ని తీసుకుందామా?” అన్నాడు. తొమ్మిది వచ్చింది. మిగతావాళ్లకి ఎంతొస్తుందని అడిగాడు. ఎంసెట్ రాసినవాడు మరి, ర్యాంకు తెలియని మార్కులు ఎందుకు?

అసలు కథ జెనోగ్రామ్ దగ్గర మొదలైంది. కుటుంబాన్ని బొమ్మగా గీసే పద్ధతి అది. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, పెళ్లికి అడ్డగీత, పిల్లలకు నిలువుగీతలు, పడనివాళ్ల మధ్య వంకరటింకర గీత. 1985లో మోనికా మెక్‌గోల్డ్రిక్, రాండీ గెర్సన్ దీనిమీద పుస్తకం రాశారు. రాసేముందు భీమవరం దాకా వచ్చి ఉండరు.

“అక్కని మా మేనమామకే ఇచ్చారు” అన్నాడు మనవాడు.

తెరమీద ఆవిడ కదల్లేదు. నెట్ పోయిందేమోనని వైఫై చూసుకున్నాడు.

“అంటే మీ అమ్మగారి తమ్ముడూ, మీ అక్క భర్తా...”

“ఒక్కడే మేడమ్. అమ్మమ్మే అత్తగారు, అమ్మే ఆడపడుచు. ఇంట్లో గొడవైతే ఎవరు ఏ హోదాలో మాట్లాడుతున్నారో మాకే తెలీదు.”

ఆవిడ కాగితం అడ్డంగా తిప్పింది. దానికి ఇంకో కాగితం అతికించింది. మూడో వారానికి తోడల్లుడి దగ్గరికొచ్చారు. “మా ఆవిడ చెల్లెలి మొగుడు. మా సబ్‌డివిజనే. వాడిది ఈస్ట్ ఫేసింగు” అన్నాడు. గొంతు మారడం ఆవిడ పట్టుకుంది. ఇద్దరికీ మధ్య వంకరగీత గీయనా అని అడిగింది.

“అబ్బెబ్బే, మాకేం గొడవల్లేవండీ! మొన్న వాడింట్లోనే భోంచేశాం.”

ఆవిడ పెన్సిలు కింద పెట్టేసింది.

మీకెలా అనిపించింది అనేది ఆవిడ ప్రశ్న. మా మేనేజరుకి కోపం, మా ఆవిడకి అనుమానం, మా నాన్నకి అసంతృప్తి అనేది మనవాడి జవాబు. ఊళ్లో అందరి మనసులూ చెబుతాడు. పోనీ ఒంట్లో ఎక్కడైనా తెలుస్తోందా అంటే ఒక్కసారి మాత్రం ఛాతీమీద చెయ్యి పెట్టుకుని, “ఇక్కడ బరువుగా ఉంటుంది మేడమ్. గ్యాసే. ఇండియా నుంచి మాత్రలు తెప్పించుకున్నాను” అన్నాడు. నవ్వుతున్నాను గానీ, మనవాడి తండ్రి తరానికి ఈపాటికి అల్సరు వచ్చేది, దాన్ని అందరూ ఓర్పు అనేవారు. ఇతను కనీసం బరువుందని ఒకరితో అన్నాడు.

ప్రతి సెషన్‌కీ మొదట ఆవిడ ఇప్పుడు ఎక్కడున్నారని అడుగుతుంది. మర్యాదకి కాదు. అవతలి మనిషి ఏ రాష్ట్రంలో కూర్చుని మాట్లాడుతున్నాడో ఆ రాష్ట్రం లైసెన్సు ఉండాలి. ఆవిడకున్నది టెక్సస్‌దే. “గ్యారేజీలోనే మేడమ్” అంటే సరిపోయేది.

ఒక వారం సెషన్ శనివారం మధ్యాహ్నానికి మారింది. మారిన సంగతి మనవాడికి ఫోను మోగేదాకా గుర్తులేదు. అప్పటికి ఓక్లహోమాలో థాకర్‌విల్‌లోని విన్‌స్టార్ కాసినోలో ఉన్నాడు. పరుగున పార్కింగుకొచ్చి, కారెక్కి, వీడియో ఆన్ చేశాడు. ఎక్కడున్నారని ఆవిడ అడిగింది. ఆ రెజ్యూమె తర్వాత ఏ కాగితంమీదా అబద్ధం రాయని మనిషి, చెప్పేశాడు. అయితే మాట్లాడటానికి వీల్లేదంది ఆవిడ. మానేసిన సెషన్ డబ్బు ఇన్సూరెన్సు ఇవ్వదు, మొత్తం చేతిదే. పది నిమిషాలాగండి మేడమ్ అని బండి తీశాడు. రెడ్ రివర్ వంతెన దాటగానే టెక్సస్. గెయిన్స్‌విల్ దగ్గర ఒక గ్యాస్ స్టేషన్లో ఆపి మళ్లీ కలిశాడు. ఊపిరి అందడంలేదు.

“ఇంతకీ కాసినోకి ఎందుకు వెళ్లారు?”

“మా తోడల్లుడు లాక్కెళ్లాడండీ. వాడు ఎనిమిది వందలు గెలిచాడు.”

ఆవిడ కాగితం తీసి, ఈసారి అడక్కుండానే వంకరగీత గీసింది.