వెనిగర్ చెప్పే తీర్పు

పురుషాంగం మొన కింది అంచు చుట్టూ, ఒకటి రెండు వరసల్లో, ఒకే సైజులో నున్నగా ఉండే 1-2 మిల్లీమీటర్ల బుడిపెలను వైద్యులు ముత్యాల బుడిపెలంటారు. అవి అంటవు, మందక్కర్లేదు. లేత పసుపు చుక్కలైతే ఫోర్డైస్ చుక్కలు, అంటే తైలగ్రంథులే. హెచ్‌పీవీ వైరస్ 6, 11 రకాల వల్ల వచ్చే పులిపిర్లు ఇలా బారులు తీరవు. గరుకుగా, కాలీఫ్లవర్‌లా గుత్తులు కడతాయి, వారాల్లో పెరుగుతాయి.

చర్మవైద్యుడు చాలావరకు చూసే చెప్పే ఈ తేడాను సింగపూర్‌లోని హౌగాంగ్ ఫ్లాట్ల స్నానాలగదుల్లో ఇప్పుడు వెనిగర్ సీసా తేల్చేస్తోంది. దూది ముంచి ఐదు నిమిషాలు అద్దాలి, ఫోన్ టార్చ్ వేసి చూడాలి. తెల్లబడితే రోగి, లేకపోతే పెద్దమనిషి! వంటింటి వెనిగర్‌కు ఇంత న్యాయబుద్ధి ఎప్పుడు పుట్టిందో. అందులోని అసిటిక్ ఆమ్లానికి వైరస్ ఆనవాలు తెలియదు. గోకిన చోటు, ఒరుసుకున్న చోటు, ఫంగస్ పట్టిన చోటు, అన్నీ కాసేపు తెల్లబడతాయి. అసలు పులిపిరి ఒక్కోసారి తెల్లబడనే తెల్లబడదు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఈ పరీక్షను మామూలుగా వాడవద్దన్నది అందుకే. గర్భాశయ ముఖద్వారానికి నర్సులు ఇదే ఆమ్లం రాస్తారు కదా అని ఎదురు వాదన. అక్కడ వెతికేది క్యాన్సర్‌కు ముందొచ్చే మార్పును. తెల్లబడితే తర్వాత చికిత్స ఉంటుంది. ఇక్కడ తెల్లబడితే పంచాయితీ ఉంటుంది.

ఆ పంచాయితీ భార్య మీదికే వస్తుంది. పెళ్లికి ముందు నుంచీ భర్తకున్న ముత్యాల బుడిపెకు ఆమె సంజాయిషీ చెప్పుకోవాలి. ఆమె యోనిద్వారం అంచున సహజంగా ఉండే మెత్తటి మొలకలు రెండు వైపులా సమంగా, ఒక్కోటి విడి మొదలుతో ఉంటాయి. వాటినీ రోగమని కాల్పిస్తారు. దీన్ని అజ్ఞానమని సరిపెట్టుకోవడానికి వీల్లేదు, పచ్చి దౌర్జన్యం. నిజంగా పులిపిరే అయినా అది నిన్నటి తప్పుకు సాక్ష్యం కాబోదు. సోకిన నెలలకు, ఒక్కోసారి ఏళ్లకు బయటపడుతుంది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేడు.

పులిపిరికి సున్నం పూయడం, గుర్రపు వెంట్రుక కట్టడం, లాడ్జీ గదిలో గుప్తరోగ నిపుణుడికి జేబు అప్పగించడం పాత వేషాలు. మిగిలేది పుండే.

బుడిపె నుంచి రక్తం కారినా, పుండు పడినా, రంగు మారినా ముక్క తీసి పరీక్షించాలి. తడిగా, చదునుగా ఉంటే సిఫిలిస్ కావచ్చు, రక్తపరీక్ష చేయించాలి. సింగపూర్‌లో లైంగిక వ్యాధుల కోసమే నేషనల్ స్కిన్ సెంటర్ వారి డీఎస్‌సీ క్లినిక్ ఉంది.

అమ్మాయికి బళ్లో హెచ్‌పీవీ టీకా వేశారు, ఇంక పులిపిర్ల భయం లేదన్నది మరో ధీమా. 2019లో సింగపూర్ బళ్లలో ఆడపిల్లలకు మొదలుపెట్టిన టీకా 16, 18 రకాలకు. 6, 11 అందులో లేవు.