లిఫ్టు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

రంప మడ్డు కోయు రందాయు నునుపిడు
ఉలియె బెజ్జ మిచ్చు నొజ్జ చేత
చినుకు పడిన పిదప చిక్కడు ధరణిని
రేపు రేపటంచు రేపుమాపు

అవతారిక

కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంటు లిఫ్టుకు లోపల మూడు వైపులా ప్లైవుడ్ షీట్లు బిగించి ఉంటాయి. ఎప్పుడూ ఏదో ఒక ఫ్లాటులో వుడ్‌వర్క్ నడుస్తూనే ఉంటుంది గనక, సామాను తగిలి స్టీలు గీసుకుపోకుండా ఆ కవచం. వాటి మీద పెన్సిలుతో అంగుళాలు, ఫోన్ నంబర్లు, ఎవరో తాగిన టీల లెక్క ఉంటాయి. ఆ శాసనాల నడుమ ఈ ఆటవెలది వెలసింది. కర్త ఎవరో తెలియదు. యతి కుదిరింది గనక రిటైరైన తెలుగు మాస్టారని సెక్యూరిటీ వారి మతం. వానల్లో తలుపు పట్టేసే బాధ తెలిసినవాడు గనక ఫ్లాటు ఓనరే గాని అద్దెకున్నవాడు కాడని నా మతం.

టీక

రంపము = రంపం; అడ్డు = నారకు అడ్డంగా; కోయున్ = కోస్తుంది. ఎదురు ఫ్లాటాయన దీనికి “రంపము మీటింగులకు అడ్డు” అని అర్థం చెప్పాడు. ఆయన ఇంటినుంచి పనిచేస్తాడు, పై అంతస్తులో కటింగ్ మిషను మొన్నంతా కూసింది, బాధ సహజమే. అయినా అది గ్రాహ్యం కాదు. ‘కోయు’ ఉత్తినే గాలిలో వేలాడుతుంది. కవి చెప్పేది చేతి రంపం సంగతి. అడ్డకోత రంపానికి ఒక్కో పన్నూ చాకు మొనలా వాలుగా పదునెక్కి ఉంటుంది. నారను అదే తెంపుతుంది. నార వెంట నిలువునా చీల్చే రంపానికి ఒక్కో పన్నూ ఒక బుల్లి ఉలి. ఒకదాని పని ఇంకోదానితో చేయిస్తే చెక్క కంటే ముందు భుజం పోతుంది. పళ్ళను ఒకటి కుడికి, ఒకటి ఎడమకి కొద్దిగా వంచుతారు. దానివల్ల కోత రేకు మందం కంటే వెడల్పవుతుంది. వంపు లేకపోతే రంపం సగంలో బిగుసుకుని ముందుకూ పోదు, వెనక్కీ రాదు. మరి నిలువు కోతను కవి ఎందుకు వదిలేశాడు? ప్లైవుడ్‌లో నిలువేది, అడ్డమేది? ఒక పొర నార ఇటు, దాని మీది పొర నార అటు పరిచి అతికిస్తారు. ఎటు కోసినా ఏదో ఒక పొరకు అడ్డే. కవి మన సీమ చెక్కను ఎరిగినవాడు.

రందాయున్ = చిత్రిక కూడా; నునుపు + ఇడున్ = నునుపు చేస్తుంది. చక్కని తెలుగు మాట ఉండగా ఈ పారసీక శబ్దం ఏమిటంటే, యతి కోసమని ఛాందసులంటారు. కాదు. ఈ చుట్టుపక్కల వుడ్‌వర్క్ చేసేవారిలో రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బిహార్‌ల నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. ‘చిత్రిక ఇవ్వు’ అంటే సైటులో ఎవరూ తల ఎత్తరు. ‘రందా’ అంటే చేతికొస్తుంది. చిత్రిక పట్టడం ఇప్పుడు మనం వాక్యాలకే చేస్తున్నాం. రందా అడుగునుంచి ఇనుప నాలుక వెంట్రుకవాసి బయటికి ఉండాలి. నార వాలున తోస్తే ఉల్లిపొరలా పలచటి పొట్టు చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది. ఎదురు తోస్తే పెచ్చులు ఊడతాయి.

ఉలియె = ఉలి మాత్రమే; బెజ్జము + ఇచ్చున్ = బెజ్జం చేస్తుంది. ఇక్కడి ఎకారమే పద్యానికి ప్రాణం. ఒక కొయ్య కుసి ఇంకో కొయ్య బెజ్జంలో మేకు లేకుండా కూర్చోవాలంటే ఉలి వినా గతి లేదు. ఉలి వెన్ను చదును, వాలు ఒక పక్కనే. వెనక నుంచి పడే దెబ్బ కొయ్యసుత్తిది కావాలి, ఇనుప సుత్తిదైతే పిడి చీలుతుంది. మాడ్యులర్ కిచెన్‌లో మాత్రం ఆ ఎకారం చెల్లదు. అక్కడ కబ్జా కూర్చునే 35 మిల్లీమీటర్ల గుండ్రటి గుంటను మిషనే తొలుస్తుంది. మా ఇంట్లో ఉలి పెయింటు డబ్బా మూత లేపడానికి వాడుకలో ఉంది.

ఒజ్జ చేతన్ = గురువు చేతిలో, ఇక్కడ వడ్రంగి చేతిలో. ఉపాధ్యాయ శబ్దానికి తద్భవం. 1998లో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం తెరిచాక ఈ సీమలో కోత అంటే కీబోర్డు మీద రెండు మీటలు నొక్కడమే అయింది. కాని దానికి ఆరేళ్ళు ముందే, 1992లో, దగ్గర్లోనే చేతిపనులకని శిల్పారామం వచ్చింది. అంటే మాదాపూర్‌కు మౌసు కంటే ఉలి ముందు వచ్చింది. ఉలి పనికి కొండపల్లి బొమ్మనే చూడండి: దానికి తెల్లపొణికి కొయ్యను ముక్కలు ముక్కలుగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. మనం ఊడ్చిపారేసే పొట్టు అక్కడ జిగురు.

చినుకు పడిన పిదపన్ = వాన మొదలయ్యాక; చిక్కడు = దొరకడు; ధరణిని = పాదపూరణం. లేదా, గచ్చిబౌలిలో వెతికితే నానక్‌రామ్‌గూడలో, అక్కడికి ఫోన్ చేస్తే మియాపూర్‌లో ఉన్నానంటాడని ధ్వని.

రేపు రేపు + అటంచున్ = రేపు, రేపు అంటూ; రేపుమాపు = ఉదయమూ సాయంత్రమూ. పాత తెలుగులో రేపు అంటే పొద్దున. ‘రేపు వస్తా సార్’ అన్నవాడు ఏ పొద్దున అన్నది చెప్పలేదు. హిందీలో ‘కల్’ అంటే రేపూ అవుతుంది, నిన్నా అవుతుంది. నిన్ననే వచ్చి వెళ్ళానని వాదించినా వ్యాకరణం అతని పక్షమే.

తాత్పర్యం

వడ్రంగి దగ్గర అన్ని పనిముట్లూ ఉన్నాయి, వడ్రంగే లేడు.

విశేషం

బాడిస ఊసు లేకపోవడం ఈ పద్యానికి లోపమని కొందరంటారు. మా తాత ఊళ్ళో వడ్లాయన బండి చక్రం ఆకులు బాడిసతోనే చెక్కేవాడు. బాడిస అంచుకీ కాలి బొటనవేలికీ నాలుగు వేళ్ళ ఎడం, చూపు మాత్రం మాతో కబుర్లలో. ప్లైవుడ్ మీద బాడిస వేస్తే పొరలు లేస్తాయి. కవి వదిలేయడం సబబే.

ఇక చినుకు ప్రసక్తి. చెక్క తడిగాలికి అడ్డంగా ఉబ్బుతుంది, నిలువున దాదాపు పెరగదు. అందుకే వానల్లో తలుపు గొళ్ళెం పక్కన పట్టేస్తుంది. అప్పుడు చిత్రిక పడితే, ఎండలొచ్చి చెక్క ముడుచుకున్నాక సందు మిగులుతుంది. మూడో పాదాన్ని ఈ వెలుగులో మళ్ళీ చదవాలి. వడ్రంగి తప్పించుకు తిరుగుతున్నాడని మనం అనుకుంటున్నాం. తలుపు తగ్గేదాకా ఆగుతున్నాడు.

ఈ అర్థం నాకు ఆలస్యంగా స్ఫురించింది. పోయిన శ్రావణంలో మూడు వారాల ‘రేపు’ల తరవాత నేనే రందా కొని, బెడ్రూము తలుపు ఊడదీసి, రెండు గంటలు తోశాను. పొట్టు బ్రహ్మాండంగా వచ్చింది. ఆ రాత్రి తలుపు వెన్నలా పడింది. ఏప్రిల్ నుంచి ఆ సందులోంచి బల్లి వస్తోంది.