పక్కిల్లు రెండు కిలోమీటర్లు

హైదరాబాద్ శివార్లలో కోకాపేట, తెల్లాపూర్ వైపు విల్లాల బ్రోచర్లు తిరగేస్తే వాకింగ్ ట్రాక్ బొమ్మ తప్పకుండా కనిపిస్తుంది. నడకకు విడిగా చోటు కేటాయించారంటేనే మిగతా చోట్ల ఎవరూ నడవరని తేల్చేసినట్టు. ఆ ట్రాక్ ఎక్కడికీ పోదు. బయల్దేరిన చోటికే తెచ్చి దింపుతుంది. పొద్దున్నే బూట్లు బిగించి దాని మీద ఆరు చుట్లు కొట్టిన పెద్దమనిషే, ఇంటికొచ్చి పెరుగు ప్యాకెట్ కోసం కారు తాళాలు వెతుక్కుంటాడు. ఆయన్ని బద్ధకస్తుడనడం అన్యాయం. కిరాణా కొట్టు ప్రహరీకి అవతల అరవై గజాల్లోనే ఉందనుకోండి, గేటేమో కాలనీకి ఇంకో కొసన ఉంటుంది. గేటు దాటి, మెయిన్ రోడ్డెక్కి, యూటర్న్ తీసుకుని వచ్చేసరికి రెండు కిలోమీటర్లు. ఆయన కారు తీయడు, గోడే తీయిస్తుంది.

నిలువూ అడ్డం వీధులు దగ్గర దగ్గరగా కలిసే పాత కాలనీలో ఎక్కణ్నుంచి ఎక్కడికి నడిచినా, సూటిగా గీత గీసి కొలిచిన దూరం కన్నా మహా అయితే 41 శాతం ఎక్కువ పడుతుంది. ఇది పైథాగరస్ ఇచ్చిన హామీ, రెరా రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. రీడ్ యూయింగ్, రాబర్ట్ సెర్వెరో అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు పదుల కొద్దీ అధ్యయనాలను ఒకచోట చేర్చి 2010లో తేల్చిందీ ఇలాంటిదే. జనం నడవడానికీ, కూడళ్లు ఎంత దగ్గరగా ఉన్నాయి, కొట్లూ ఇళ్లూ ఎంత కలిసి ఉన్నాయి అన్నదానికీ గట్టి సంబంధం ఉంది. జనసాంద్రత పాత్ర మాత్రం స్వల్పం. అంటే నలభై అంతస్తుల టవర్లు కట్టి వేలమందిని నింపినా, దారి ఒక్కటే అయితే వాళ్లంతా లిఫ్టు దిగి కారే ఎక్కుతారు.

గేటెడ్ కాలనీల్లో చివర మూసుకుపోయే ఈ వీధులు విదేశీ ప్లానింగ్ అని గొప్పగా చెప్పుకునేవారున్నారు. నిజమే, 1929లో న్యూజెర్సీలోని రాడ్‌బర్న్‌లో క్లారెన్స్ స్టైన్, హెన్రీ రైట్ కారు వీధుల్ని ఇళ్ల దగ్గరే ఆపేశారు. కానీ ఇళ్ల రెండోవైపు నుంచి పార్కులోకి కాలిబాటలు వేశారు, రోడ్డు అడ్డొచ్చిన చోట కింద నుంచి దారి తవ్వారు. ఆగాల్సింది కారు, సాగాల్సింది మనిషి. మనం డెడ్ ఎండ్‌ని భద్రంగా దిగుమతి చేసుకుని, కాలిబాటను న్యూజెర్సీలోనే వదిలేశాం.

మరి ప్రహరీలో కాలినడకకు గేట్లు పెట్టి దారులు పెంచితే దొంగలు రారా అని అసోసియేషన్ కార్యదర్శి గారు అడుగుతారు. కొట్టిపారేయాల్సిన మాట కాదు; పరాయివాళ్ల రాకపోకల గురించి ఆస్కార్ న్యూమన్ 1972లో పుస్తకమే రాశాడు. అయితే ఆయన కోరింది దారి మీద జనం చూపు ఉండాలని. మన ప్రహరీ బయట అరకిలోమీటరు పొడవునా ఒక్క కిటికీ తెరుచుకోదు. చీకటి పడ్డాక ఆ గోడ వారగా నడిచి బస్టాపుకు చేరాల్సింది మాత్రం ఆ విల్లాల్లో అంట్లు తోమే ఆడవాళ్లు. వాళ్ల భద్రత ఏ కమిటీ ఎజెండాలోనూ ఉండదు. గోడలో రెండు ఇటుకలు ఊడిన చోట ఎవరైనా కాలు పెట్టి దాటితే మర్నాడే సిమెంటు పూసి, పైన ముళ్లతీగ చుడతారు. అదే కాలనీలోకి యాప్‌లో ఒక్క నొక్కుతో రోజంతా డెలివరీ బైకులు వస్తూ పోతూనే ఉంటాయి. బైకుకు తెరుచుకునే నమ్మకం కాళ్లకు ఎందుకు తెరుచుకోదు? ఇక బయటి కార్లు అడ్డదారిగా దూరతాయన్న భయానికి మూడడుగుల గేటే జవాబు, అందులో కారు పట్టదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 168 ఇలాంటి గేటెడ్ కట్టడాల గురించి ఒక మాట చెప్పింది. లోపలి భూములకు వెళ్లేందుకు వీలుగా సైటు అంచున 9 మీటర్ల ప్రజా దారి ఇవ్వాలని. మీ కాలనీ మంజూరు ప్లాను అడిగి తీసుకోండి. అందులో ఆ దారి ఉంటే, ఇప్పుడు దాని మీద ఏం కట్టారో ఒకసారి వెళ్లి చూడండి.