కిలోమీటరు లోపు వంపులు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఆ మరుసటేడు మా వీధి కుర్రాడొకడు, కంప్యూటర్ గ్రాఫిక్స్ నేర్చినవాడు, మంచి పని తలపెట్టాడు. ఈసారి తుపాను వస్తే చదువురానివాళ్లు కూడా ఫోన్లో చూసి తెలుసుకునేలా శ్రీకాకుళం తీరాన్ని బొమ్మగా గియ్యాలని కూర్చున్నాడు.

ఉన్నదున్నట్టు గీస్తే తీరమంటే వేల చుక్కలు కలిపిన గీత. చిన్న తెర మీద అదంతా పీచుపీచుగా ఉంటుంది. సిగ్నలు సరిగా లేనిచోట అసలు తెరుచుకోదు. అందుకని డగ్లస్, ప్యూకర్ అనే ఇద్దరు 1973లో ప్రకటించిన పద్ధతి పట్టుకున్నాడు. గీత రెండు కొసల మధ్య దారం బిగించి లాగినట్టు ఊహించుకోవాలి. ఆ దారానికి అన్నిటికన్నా ఎడంగా ఉన్న మలుపు మనం పెట్టుకున్న హద్దు దాటితే దాన్ని ఉంచి, అక్కడ గీతను రెండుగా విడదీసి, ఒక్కో ముక్కకీ మళ్లీ అదే లెక్క. దాటకపోతే మధ్యలో మలుపులన్నీ కొట్టెయ్యడమే. ఎంత పొందికైన లెక్కో! పటాలు గీసేవాళ్లు ఇప్పటికీ దాన్ని వదల్లేదు. మావాడు హద్దు కిలోమీటరు పెట్టాడు. నీలం సముద్రం, పచ్చటి నేల, పెద్ద ఊళ్లకు ఎర్రచుక్కలు. చూడగానే తెలిసిపోయే బొమ్మ వచ్చింది.

వజ్రపుకొత్తూరు వైపు ఓ మత్స్యకారుల పేటకు వెళ్లి, వల బాగుచేసుకుంటున్న ముసలాయనకు చూపించాడు. బారువ దగ్గర మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు ఆయన ఎవరూ చెప్పకుండానే పోల్చుకున్నాడు. కుర్రాడి మొహం వెలిగింది. ముసలాయన బొటనవేలు ఒడ్డు వెంబడే కిందికి జరుగుతూ వచ్చి, గీత దాటి, నీలం రంగులో ఆగింది.

"మా పేట ఇక్కడుండాల. సముద్రంలోకెల్లిపోనాదేటి బాబూ?"

"లేదు తాతా, ఇక్కడ ఒడ్డు కాస్త ముందుకొస్తుంది కదా. కిలోమీటరు లోపు వంపులు తీసేశాను. బొమ్మ తేలిగ్గా అర్థమవుతుందని."

ముసలాయన కోప్పడలేదు. ఫోను వాడి చేతిలో పెట్టాడు.

"తిత్లీ ఎల్లిన ఎనక నట్టం రాసుకోడానికొచ్చినోల్లూ నీనాగ సదువుకున్నోల్లే బాబూ. ఆల్ల పటంలోన కూడా మా పేట నేదు."