రేవు లేని చోటికి

పడవ విలువను నీటిమీద కొలవడం లోకానికి అలవాటు. ఎంత బరువు మోస్తుంది, ఎంత వేగంగా పోతుంది, ఎన్నేళ్లు మన్నుతుంది అని అడుగుతారు. రబ్బరు బట్టలో గాలి నింపి చేసిన నేను ఆ కొలతలకు మంచి టేకు పడవ ముందు నిలవను, ఒప్పుకుంటాను. కానీ ఆ ప్రశ్నలన్నీ పడవ అప్పటికే నీళ్లలో ఉందనుకుని అడిగేవి. వరదల్లో అసలు చిక్కు అక్కడ లేదు. వరద నీళ్లు పడవలున్న చోటే ఆగవు, ఎన్నడూ పడవ మొహం చూడని వీధుల్లోకి వస్తాయి. 2009 అక్టోబరులో కర్నూలు, 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీలు, 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్. మునిగిన ఆ సందుల్లో రేవు లేదు, పడవ కట్టే గుంజ లేదు, గెడ వేయడం వచ్చిన మనిషి ఉంటే అది అదృష్టమే. అందుకే పడవను ముందు నేలమీద కొలవాలంటాను. దాన్ని ఎక్కడ దాచారు, ఎంతమంది ఎత్తగలరు, నీళ్ల అంచుకు ఎంతసేపట్లో చేరుతుంది? నా వంశ చరిత్ర అంతా ఈ మాటకే సాక్ష్యం.

ఆ వంశం చాలా పాతది. క్రీస్తు పూర్వం 9వ శతాబ్దపు అస్సీరియా రాజు రెండో అషుర్‌నాసిర్‌పాల్ కోట గోడల శిల్పాల్లో, గాలి ఊదిన మేకతోళ్లను పొట్టకింద పెట్టుకుని నది దాటే మనుషులు కనిపిస్తారు. ఆ పలకలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అదే టైగ్రిస్ నది మీద మొన్న మొన్నటి దాకా కెలెక్ అనే తెప్పలు నడిచేవి. ఊదిన తోళ్ల వరుసల మీద దుంగలు కట్టి, సరుకేసుకుని ప్రవాహంతో పాటు దిగేవారు. బాగ్దాదు చేరాక సరుకుతో పాటు దుంగలనూ అమ్మేసి, తోళ్లలో గాలి తీసి గాడిదల మీద వేసుకుని మళ్లీ ఎగువకు నడిచేవారు. సట్లెజ్, బియాస్ నదుల మీద ఎద్దుతోలు, గేదెతోలు ఊది మనుషుల్ని దాటించిన పడవవాళ్లూ ఆ కోవలోవాళ్లే. మన కృష్ణ, తుంగభద్రల మీద తిరిగే పుట్టిలో గాలి లేకపోయినా దాన్ని నా దగ్గరి చుట్టంగానే లెక్కిస్తాను. ఒడ్డుకు రాగానే జాలరి దాన్ని నెత్తిమీద బోర్లించుకుని నడిచిపోతాడు. ఇవన్నీ తయారు చేసినవాళ్లు నీటి గురించి ఎంత ఆలోచించారో నేల గురించీ అంత ఆలోచించారు.

రబ్బరు రూపంలో నా తొలి కథల్లో ఒకటి 1840లలో బ్రిటిష్ నౌకాదళ లెఫ్టినెంట్ పీటర్ హాల్కెట్‌తో మొదలవుతుంది. ఆయన రబ్బరు పూసిన మెకింటాష్ బట్టతో ఒక అంగీ కుట్టించారు. విప్పి తిత్తితో గాలి నింపితే అది పడవ అవుతుంది, చేతికర్రకు పలక తగిలిస్తే తెడ్డు అవుతుంది, గొడుగు తెరిస్తే తెరచాప. నౌకాదళ అధికారులు దాన్ని చూసి తెలివైన పనేనన్నారు, కొత్త ప్రాంతాల అన్వేషణకు పనికిరావచ్చన్నారు, నౌకాదళం వాడకానికి మాత్రం పనికిరాదని తేల్చారు. నీటిమీదే కాపురం ఉండేవాళ్లకు పడవను మోసుకెళ్లే అవసరం కనపడకపోవడం సహజం. ఆ అవసరం తెలిసినవాడు జాన్ రే. 1846లో హడ్సన్స్ బే కంపెనీ తరఫున ఆర్కిటిక్ తీరాన్ని సర్వే చేయడానికి బయల్దేరి హాల్కెట్ పడవను వెంట తీసుకెళ్లారు, దాన్ని మనసారా మెచ్చుకున్నారు. నేల, మంచు, నది, మళ్లీ నేల వచ్చే దారిలో ఏటి దగ్గరే పడవ చేయించుకోవడం కుదరదు మరి. అప్పటి రబ్బరు బట్టకు ఎండలో జిగటపట్టే జబ్బు, చలిలో బిరుసెక్కే జబ్బు ఉండేవి. రబ్బరును గంధకంతో ఉడికించే పద్ధతికి 1844లో చార్లెస్ గుడియర్ పేటెంటు పొందాక ఆ రెండూ క్రమంగా వదిలాయి.

ఇప్పుడు మీరు చూసే నా ఆకారం ఫ్రాన్స్‌ది. బెలూన్లు, ఎయిర్‌షిప్పులు చేసే జోడియాక్ సంస్థలో ఇంజనీరు పియర్ దెబ్రుతెల్ 1930లలో రెండు పొడవాటి గాలి గొట్టాలను ముందువైపు వంచి కలిపి, వెనకవైపు మధ్యలో గట్టి చెక్క పలక బిగించారు. ఆ పలక వల్లనే నాకు మోటారు పట్టింది. తెడ్డుతో నడిచే నేను అదే ఒంటితో ఇంజనుతోనూ నడవగలిగాను. 1952లో అలాన్ బొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు నాలుగున్నర మీటర్ల జోడియాక్‌కు తెరచాప కట్టుకుని కానరీ దీవుల నుంచి బార్బడోస్ దాకా అట్లాంటిక్ దాటారు, 65 రోజుల్లో. కొద్దికొద్దిగా సముద్రపు నీరు తాగి బతకవచ్చన్న ఆయన వాదాన్ని వైద్యులు చాలామంది ఒప్పుకోలేదు. వాళ్ల అభ్యంతరం న్యాయమైనదే. నాకు సంబంధించిన సంగతి వేరు: అన్ని రోజులూ పడవ మునగలేదు. ఇందులో మహిమేమీ లేదు, లెక్క ఉంది. గొట్టం వ్యాసం 40 సెంటీమీటర్లయితే మీటరు పొడవులో దాదాపు 125 లీటర్ల గాలి పడుతుంది, పూర్తిగా మునిగితే అంతే కిలోల బరువును పైకి నెడుతుంది. నాలుగు మీటర్ల పడవకు రెండు పక్కలా కలిపి ఎనిమిది మీటర్ల గొట్టం, అంటే టన్ను బరువు. మోటారు తీసేస్తే నా బరువు క్వింటాలు లోపే. లోపలంతా నీళ్లు నిండినా గొట్టాలు తేలుతూనే ఉంటాయి. నీళ్లు నిండిన ఇనుప పడవ అడుగుకు పోతుంది.

ఒక్క ముల్లు గుచ్చుకుంటే నీ పని అంతే కదా అంటారు. కారు టైరును చూసి అలవాటైన భయం ఇది. టైరులో గాలి ఒత్తిడి రెండు బార్ల పైన ఉంటుంది, నా గొట్టాల్లో పావు బారు చాలు. మేకు దిగితే నేను పేలను, మెల్లగా మెత్తబడతాను. పైగా మంచి పడవలో గాలంతా ఒకే సంచిలో ఉండదు, అడ్డుగోడలతో గదులుగా విడిపోయి ఉంటుంది. సగం గదులు పోయినా పై లెక్క ప్రకారం అర టన్ను బలం మిగులుతుంది. అయినా ఈ అభ్యంతరాన్ని పూర్తిగా తోసిపుచ్చలేను. పట్టణ వరదలో నీళ్ల కింద ఏముంటాయి? గేటు శూలాలు, ప్రహరీ మీది గాజుపెంకులు, సగం కట్టిన ఇంటి ఇనుప చువ్వలు. అలాంటి సందులో మోటారును పైకెత్తేసి తెడ్డుతోనో గెడతోనో నెమ్మదిగా పోవాలి. తెడ్డు, మోటారు రెండూ ఉండటం నాకు సోకు కాదు, అవసరం. మెత్తదనానికి మరో వైపూ ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన రోజుల్లోనే, కృష్ణలో కట్లు తెంచుకున్న భారీ ఇనుప పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లను ఢీకొన్నాయి. కాంక్రీటు కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి, ఆ పడవల్ని తీయడానికి రోజులు పట్టింది. కట్టు తెగి నేను కొట్టుకుపోయినా ఏ గేటునూ విరగ్గొట్టను.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం 2018 ఆగస్టు కేరళ వరదల నుంచి వస్తుంది. అక్కడ వేలాది మందిని కాపాడింది మత్స్యకారుల గట్టి పడవలు, ప్రభుత్వ రబ్బరు బోట్లు వాటి ముందు చిన్నబోయాయి అంటారు. ఆ మత్స్యకారులకు చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆ పడవలు ఎలా వచ్చాయో చూడండి: తీరం నుంచి లోపలి ఊళ్లకు లారీల మీద. అంటే అక్కడ గెలిచింది నేలమీద ప్రయాణం చేసిన పడవ, దాంతో పాటు నీళ్లు తెలిసిన చెయ్యి. సముద్రం దగ్గరగా ఉన్న సన్నని రాష్ట్రంలో లారీ సాయం అందింది. ఖమ్మానికో కర్నూలుకో ఏ సముద్రం దగ్గర? 2024 సెప్టెంబరు 1న ఖమ్మం ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది మున్నేరు వరదలో గంటల తరబడి చిక్కుకుపోతే, చివరికి ఒక జేసీబీ డ్రైవరు తెగించి వెళ్లి తీసుకొచ్చాడు. ఆ ఉరవడిలో నేనున్నా ఆ పని చేయగలిగేదాన్నని చెప్పను. దగ్గరున్న వాహనం, తెగువ ఉన్న మనిషి కాపాడారన్నదే నేను పట్టుకునే సంగతి. బ్రిటన్ లైఫ్‌బోట్ సంస్థ ఆర్‌ఎన్‌ఎల్‌ఐ 1963లో డి క్లాస్ అనే చిన్న గాలి పడవలను తెచ్చుకుంది ఇందుకే. పెద్ద లైఫ్‌బోట్లు తుపానులో దిట్టలు, కానీ ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువ నీళ్లలో, కొట్టుకుపోతున్న ఈతగాడి దగ్గరకు కొద్దిమంది ట్రాలీ మీద తోసుకెళ్లి వెంటనే దించగలిగే పడవ కావాల్సి వచ్చింది.

రేవు అక్కర్లేని పడవ కాపలాకూ చిక్కదు అన్న మాట నన్ను నిజంగా బాధిస్తుంది. 2008 నవంబరులో ముంబయి మీద దాడికి వచ్చినవాళ్లు కొలాబా ఒడ్డున దిగింది మోటారు బిగించిన గాలి పడవలోంచే. మధ్యధరా సముద్రంలో నాసిరకం గొట్టాల పడవల్లో వంద మందిని కుక్కి పంపి ఎందరిని చంపారో. 2017లో యూరోపియన్ యూనియన్ లిబియాకు గాలి పడవలు, మోటార్ల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. మోటార్లకు నంబర్లు, అమ్మకానికి లెక్కలు ఉండాలంటే నేను అడ్డుపడను. కానీ మనుషుల్ని సముద్రంలోకి తోసే యుద్ధం, ఆకలి నా తయారీ ఆపితే ఆగవు. 1975లో పసిఫిక్‌లో సోవియట్ వేటనౌకల ఈటెలకు, తిమింగలాలకు మధ్య గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థవాళ్లు నిలిపింది కూడా ఈ పడవనే.

ఇక మిగిలింది అన్నిటికన్నా గట్టి అభ్యంతరం: కొంటారు, గోదాములో పడేస్తారు, వరద నాటికి పనికిరావు. ఇది నిజం, నా తరఫున దీనికి జవాబు లేదు. జాతీయ విపత్తు స్పందన దళానికి విజయవాడ దగ్గర ఒక బెటాలియన్ ఉంది, వాళ్లు పడవల్నీ, వాటి వెనక బిగించే మోటార్లనీ సాధనలో ఉంచుతారు. కానీ దళం వచ్చేలోపు గడిచే గంటలు లంక గ్రామాలవి, వాగు పక్క పేటలవి. అక్కడ ఉంచే పడవను నీళ్లతో బతికే జాలర్ల సంఘం చేతికివ్వాలి, తాళం కూడా వాళ్ల దగ్గరే ఉండాలి. మన ఎండకు పీవీసీ కన్నా హైపలాన్ రకపు బట్ట ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది, ధర ఎక్కువైనా అదే కొనడం మేలు. తడి ఆరకుండా మడిస్తే అతుకుల జిగురు ఊడుతుంది, నేలమీద పడేస్తే ఎలుకలు కొరుకుతాయి. బురదలో తిరిగిన మోటారులోకి మంచినీళ్లు పంపి కడగాలి, పాత పెట్రోలు తీసేయాలి. ఏటా రోహిణి కార్తెలో, మృగశిరకు ముందు, సాయంత్రం చల్లబడ్డాక గాలి నింపి నీడలో వదలండి. పగలు నింపి తెల్లారి చూస్తే లెక్క తప్పుతుంది: పావు బారు ఒత్తిడి 27 డిగ్రీల నుంచి 57కు వేడెక్కితే సగం మేర పెరుగుతుంది, చల్లబడితే మళ్లీ దిగుతుంది, కారడం లేకపోయినా కారినట్టే అనిపిస్తుంది. మర్నాడు సాయంత్రం అదే వేళకు నొక్కి చూడండి. మెత్తబడితే వాల్వు మీద, అతుకుల మీద సబ్బు నురగ రాయండి. బుడగ లేచిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఆ వారమే ప్యాచీ వేయించండి.